చూశాకే తెలిసేది: సాఫ్ట్‌వేర్ తయారీలో తొలి ఫీడ్‌బ్యాక్ విలువ ఎక్కడుంది?

సాఫ్ట్‌వేర్ రంగంలో ‘కస్టమర్ ఫీడ్‌బ్యాక్ ముందుగానే తీసుకోవాలి’ అన్న మాటను కాదనేవారు దాదాపు ఉండరు. అయినా ఏళ్ల తరబడి శ్రమించి కట్టిన వ్యవస్థలు వాడేవారి చేతికి అందిన మొదటి వారంలోనే పనికిరావని తేలిపోవడం మాత్రం ఆగలేదు. ఒప్పుకున్న సూత్రానికీ జరిగే పనికీ మధ్య ఇంత ఎడం ఎందుకు ఉంటోంది? కృత్రిమ మేధ సాధనాలతో కోడ్ రాయడం వేగవంతమైన ఈ రోజుల్లో ఈ ప్రశ్న మరోసారి ముందుకొచ్చింది. కట్టడం ఇంత తేలికైనప్పుడు ముందుగా అడగడం దేనికి, కట్టేసి చూపిస్తే సరిపోతుంది కదా అని కొందరంటున్నారు. తేలికగా కట్టగలగడం వల్లే అక్కర్లేనివి ఎక్కువగా కట్టేస్తామని మరికొందరు హెచ్చరిస్తున్నారు. ఈ వాదాలను తూచాలంటే ముందు ఫీడ్‌బ్యాక్ అన్న ఒక్క మాట కింద ఎన్ని వేర్వేరు పనులు కలిసిపోయాయో విడదీసి చూడాలి.

ఫీడ్‌బ్యాక్ అని దేన్ని అంటున్నాం, ఎవరిది అంటున్నాం

ప్రాజెక్టు మొదట్లో క్లయింటుతో కూర్చుని ఏమేం కావాలో రాసుకోవడాన్ని రిక్వైర్‌మెంట్ల సేకరణ అంటారు. అది ముందుగా జరుగుతుంది కానీ ఫీడ్‌బ్యాక్ కాదు, ఎందుకంటే అప్పటికి స్పందించడానికి ఎదురుగా ఏమీ ఉండదు. ప్రాజెక్టు చివర్లో క్లయింటు తరఫువారు వ్యవస్థను పరీక్షించి ఆమోదం (సైన్ ఆఫ్) ఇచ్చే దశను యూఏటీ (యూజర్ యాక్సెప్టెన్స్ టెస్టింగ్) అంటారు. అక్కడ ఎదురుగా వస్తువు ఉంటుంది కానీ దాన్ని మార్చే వెసులుబాటు చాలావరకు అయిపోయి ఉంటుంది. ఈ రెండింటి నడుమ, కాగితం మీది స్క్రీన్ బొమ్మో, లోపల ఏ లెక్కా చేయని నమూనా తెరో, ఒక్క పని మాత్రమే చేయగల తొలి రూపమో వాడేవారి ముందు పెట్టి, వారు దాంతో ఏం చేస్తారో చూడటమే తొలి ఫీడ్‌బ్యాక్. తుది విడుదలకు ముందు కొందరికి వాడి చూడమని ఇచ్చే బీటా విడుదల కూడా ఆ కోవలోదే అయినా, చాలా సంస్థల్లో బీటా అనేది విడుదలకు వారం ముందు జరిగే లాంఛనంగా మారిపోయింది.

ఇక ‘ఎవరిది’ అన్న ప్రశ్న. డబ్బు చెల్లించేవారు, ఏం కావాలో నిర్ణయించేవారు, రోజూ తెర ముందు కూర్చుని వాడేవారు చాలా సందర్భాల్లో ముగ్గురూ వేర్వేరు మనుషులు. సంస్థకు సాఫ్ట్‌వేర్ అమ్మేటప్పుడు ప్రతి వారం డెమో చూసేది క్లయింటు మేనేజరు, వాడబోయేది ఆయన కింద పనిచేసే గుమస్తా. డెమోలన్నీ సవ్యంగా జరిగి, గో లైవ్ (అసలు వాడుకలోకి రావడం) తర్వాత ఫిర్యాదులు వెల్లువెత్తిన ప్రాజెక్టుల్లో అసలు లోపం తరచుగా ఇక్కడే ఉంటుంది.

1970 నాటి ఒక పటం

అంచెలంచెలుగా, ఒక దశ పూర్తయ్యాకే మరో దశకు దిగే పద్ధతిని వాటర్‌ఫాల్ అంటారు. దానికి మూలమని అందరూ చూపించేది అమెరికా సాఫ్ట్‌వేర్ నిపుణుడు విన్‌స్టన్ రాయిస్ 1970లో ప్రచురించిన వ్యాసంలోని పటాన్ని. ఆశ్చర్యకరమైన విషయమేమిటంటే, ఆ పటాన్ని గీసిన వెంటనే రాయిస్ ఈ పద్ధతి ప్రమాదకరమనీ వైఫల్యాన్ని కొనితెచ్చుకోవడమనీ రాశారు. దాన్ని సరిదిద్దడానికి ఆయన సూచించిన అయిదు చర్యల్లో చివరిది కస్టమరును కలుపుకోవడం, అది కూడా తుది అప్పగింతకు ముందు వేర్వేరు దశల్లో లాంఛనంగా జరగాలన్నది. పటం ప్రపంచమంతా పాకింది, దాని కింది హెచ్చరిక వెనకబడిపోయింది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది ప్రోగ్రామర్లు కలిసి ప్రకటించిన అజైల్ (చిన్న చిన్న విడతల్లో కట్టి చూపిస్తూ సాగే పద్ధతి) సూత్రాల్లో మొదటిది విలువైన సాఫ్ట్‌వేర్‌ను త్వరగా, నిరంతరంగా అందించి కస్టమరును సంతృప్తిపరచాలన్నది. అది పూర్తిగా కొత్త ఆలోచనేమీ కాదు, 30 ఏళ్ల కిందటి హెచ్చరిక మళ్లీ పైకి రావడమే.

అడిగారు, రాసుకున్నారు, చూపించలేదు: ఎఫ్‌బీఐ అనుభవం

అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తన కేసు ఫైళ్లను కంప్యూటర్లలోకి ఎక్కించడానికి చేసిన రెండు ప్రయత్నాలు ఈ విషయాన్ని బోధించినంత స్పష్టంగా మరేవీ బోధించవని నా అభిప్రాయం. అమెరికా ప్రభుత్వ తనిఖీ విభాగాలు వాటిని వరుసగా సమీక్షించి నివేదికలు ఇవ్వడంతో లోపల ఏం జరిగిందో చాలావరకు బహిరంగంగా తెలుసు.

మొదటిది వర్చువల్ కేస్ ఫైల్. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఎఫ్‌బీఐ పాత వ్యవస్థను పూర్తిగా తీసేసి కొత్తది పెట్టాలని నిర్ణయించింది. కాంట్రాక్టరు సంస్థ ఎస్ఏఐసీ నిపుణులు, ఎఫ్‌బీఐ ఏజెంట్లు 2002లో నెలల తరబడి ఒకచోట కూర్చుని అవసరాలను చర్చించారు. వాడేవారిని అడగలేదన్న నింద ఇక్కడ వర్తించదు. చాలా వివరంగా అడిగారు. ఫలితంగా 800 పేజీలకు పైబడిన అవసరాల పత్రం తయారైంది. అందులో ఏం కావాలన్నదే కాక, తెర ఎలా కనబడాలో కూడా చాలాచోట్ల రాసి పెట్టారు. పాత వ్యవస్థను ఒక్కసారిగా ఆపి, కొత్తదాన్ని ఒక్కసారిగా తెరవాలన్నది ప్రణాళిక.

2003 డిసెంబరులో సాఫ్ట్‌వేర్ అందింది. ఎఫ్‌బీఐ మొదట 17 లోపాలు చూపి తిరస్కరించింది, ఆ తర్వాత జాబితా 59కి పెరిగింది. వివాదాన్ని పరిశీలించిన మధ్యవర్తి 59లో 19 ఎఫ్‌బీఐ తన అవసరాలను మార్చుకోవడం వల్ల వచ్చినవనీ, 40 కాంట్రాక్టరు లోపాలనీ తేల్చారు. 2005 మొదట్లో న్యూ ఆర్లీన్స్ కార్యాలయంలో కుదించిన రూపాన్ని ప్రయోగాత్మకంగా నడిపి, అదే సంవత్సరం ప్రాజెక్టును వదిలేశారు. అప్పటికి సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

అమెరికా సెనేట్ విచారణలో కాంట్రాక్టరు తరఫున వచ్చిన ఒక ఫిర్యాదు నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఎఫ్‌బీఐ వాళ్లు ‘చూస్తే గానీ మాకు తెలియదు’ అన్న ధోరణిలో వ్యవహరించారనీ, అందుకే మార్పులు ఎడతెగకుండా వచ్చాయనీ ఆ సంస్థ ప్రతినిధి చెప్పారు. ఒప్పందం కోణంలో చూస్తే ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కానీ కొత్త పనిముట్టు విషయంలో మనుషులు తమకేం కావాలో తెలుసుకునే తీరే అది. తాము రోజూ చేసే పనిని మాటల్లో పెట్టమంటే ఎంత అనుభవజ్ఞుడైనా సగమే చెప్పగలడు. మిగతా సగం పనిలో చెయ్యి పెట్టినప్పుడే బయటపడుతుంది. చూశాక తెలియడంలో తప్పు లేదు. ఆ చూడటం 800 పేజీలు రాసి, కోడంతా రాశాక జరగడమే నష్టం తెచ్చింది.

రెండో ప్రయత్నం సెంటినెల్. 2006లో లాక్‌హీడ్ మార్టిన్‌కు ఒప్పందం ఇచ్చారు. నాలుగు దశలుగా 2009 చివరికి పూర్తికావాలి. 2010 నాటికి 45.1 కోట్ల డాలర్ల బడ్జెట్‌లో సుమారు 40.5 కోట్లు ఖర్చయినా నాలుగింటిలో రెండు దశలే అందాయి. ఆ సంవత్సరం ఎఫ్‌బీఐ ప్రాజెక్టును తన చేతుల్లోకి తీసుకుని, బృందాన్ని బాగా కుదించి, రెండు వారాల స్ప్రింట్లుగా, అంటే చిన్న విడతలుగా, పనిని విభజించి, ప్రతి స్ప్రింట్ చివర పనిచేసే భాగాన్ని సంబంధితులకు చూపించే పద్ధతికి మారింది. 2012 జులైలో సెంటినెల్ దేశమంతటా వాడుకలోకి వచ్చింది.

ఈ కథను అజైల్ మహిమగా చెప్పడం తేలిక, కానీ అది పూర్తి నిజం కాదు. ఎఫ్‌బీఐ స్వయంగా పెట్టుకున్న 2011 సెప్టెంబరు గడువు కూడా దాటిపోయింది. ఎక్కువమంది ఒకేసారి వాడి చూసిన పరీక్షలో వ్యవస్థ ఆగిపోయి, కొత్త హార్డ్‌వేర్ అవసరమని తేలింది. రెండు వారాలకోసారి చూపించే డెమోలో సామర్థ్యపు లోపం బయటపడదు. కొద్దిమంది చూసే తెర బాగున్నంత మాత్రాన వేలమంది ఒకేసారి వాడితే నిలబడుతుందని అర్థం కాదు. ప్రతి రకం ఫీడ్‌బ్యాక్ తనకు చేతనైన ప్రశ్నకే జవాబు చెబుతుంది.

పాల కేంద్రంలో ఒక ఉదయం: లెక్క వేసి చూద్దాం

దగ్గరి నుంచి అర్థం చేసుకోవడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక డెయిరీ తన పాల సేకరణ కేంద్రాల కోసం మొబైల్ యాప్ చేయించుకుంటోంది. ప్రధాన కార్యాలయం ఇచ్చిన రిక్వైర్‌మెంట్ స్పష్టంగానే ఉంది. రైతు ఫోన్ నంబరుతో వివరాలు తెరవాలి, ఆవు పాలో గేదె పాలో ఎంచుకోవాలి, లీటర్లు, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) నమోదు చేయాలి, ధర లెక్కించి రైతుకు సందేశం పంపాలి. ఆరు నెలల పని.

కోడ్ మొదలుపెట్టకముందే ఇద్దరు డెవలపర్లు కాగితాలపై స్క్రీన్లు గీసుకుని ఒక ఊరి కేంద్రానికి వెళ్లారనుకుందాం. ఉదయం 6 నుంచి 7.30 వరకు 150 మంది పాలు పోస్తారు. అంటే 90 నిమిషాలు, 5,400 సెకన్లు, ఒక్కొక్కరికి 36 సెకన్లు. కాగితపు స్క్రీన్లపై కేంద్రం కార్యదర్శి వేలు పెట్టి ఒక నమోదు పూర్తి చేయడానికి 55 సెకన్లు పట్టింది. 150 మందికి 8,250 సెకన్లు, అంటే 2 గంటల 17 నిమిషాలు. వ్యాను 7.45కి వచ్చి క్యాన్లు ఎక్కించుకుని వెళ్లాలి. యాప్ చేసే ప్రతి లెక్కా సరైనదే అయినా 8.17 వరకు వరుస కదలదు.

సమయం సంగతి గడియారం పట్టుకుంటే ఎవరికైనా తెలుస్తుంది. ఆ ఉదయం తెలిసిన మిగతా రెండు సంగతులు అంతకంటే లోతైనవి. పాలు తెచ్చేవారిలో చాలామంది ఖాతాదారులు కారు. బడికి వెళ్లేముందు క్యాను పట్టుకొచ్చిన పిల్లలు, నాయనమ్మలు. ఫోన్ నంబరు పట్నంలో ఉన్న కొడుకుది. కేంద్రంలో అందరూ చెప్పేది సభ్యత్వ సంఖ్య: ‘నలభై రెండు’, ‘నూట పదకొండు’. రెండోది, పని జరిగే వరుస. కార్యదర్శి నలభై రెండో నంబరు పాల నుంచి శాంపిల్ తీసి పరీక్ష యంత్రంలో పెడతాడు. యంత్రం వెన్న శాతం చెప్పేలోగా ఆయన ఖాళీగా నిలబడడు, తర్వాతివారి పాలు తూచేస్తాడు. అంటే ఏ క్షణంలోనైనా ఇద్దరు ముగ్గురి నమోదులు సగంలో ఉంటాయి. గీసుకొచ్చిన యాప్‌లో మాత్రం ఒకరిది పూర్తయ్యాకే మరొకరిది తెరుచుకుంటుంది.

ఈ విషయం రిక్వైర్‌మెంట్ సమావేశంలో ఎవరూ ఎందుకు చెప్పలేదంటే, రోజూ రెండు పూటలా చేసే కార్యదర్శికి అది చెప్పదగిన విశేషంగా తోచదు, ప్రధాన కార్యాలయంలో ఉన్నవారికి అది కనిపించదు. కాగితం దశలో తెలిస్తే దాని ఖరీదు స్క్రీన్లు మళ్లీ గీయడం, డేటాబేసులో నమోదుకు ‘సగంలో ఉంది’ అన్న స్థితిని చేర్చడం. ఆరు నెలల తర్వాత తెలిస్తే స్క్రీన్లు, వాటి వెనక ధర లెక్కలు, పదిహేను రోజుల బిల్లులు, ఫోన్ నంబరు ఆధారంగా కట్టిన నివేదికలు, అప్పటికే ఎక్కిన సమాచారం అన్నీ కదులుతాయి.

అదే ఉదయం కార్యదర్శి ఒక కోరిక కూడా కోరతాడు: ఏ నమోదునైనా తర్వాత దిద్దుకునే వీలు ఉండాలని. ప్రధాన కార్యాలయం దానికి ఒప్పుకోదు, లెక్కలు తారుమారయ్యే ప్రమాదం ఉంది. ఇక్కడ వాడేవారి మాట, డబ్బు చెల్లించేవారి మాట ఎదురెదురుగా నిలబడ్డాయి. ఎందుకు కావాలని అడిగితే, తడి చేతులతో నొక్కినప్పుడు 4.2 బదులు 42 పడిపోతోందన్న సంగతి తెలుస్తుంది. ఆ పూట ముగిసేలోగా దిద్దే వీలిచ్చి, పాత అంకెను కూడా చెరపకుండా ఉంచితే ఇద్దరి అవసరమూ తీరుతుంది. కోరిన సదుపాయం వేరు, దాని వెనక ఉన్న ఇబ్బంది వేరు. ఫీడ్‌బ్యాక్‌లో విలువైనది ఎక్కువసార్లు ఆ రెండోదే.

కోడ్ లేకుండానే చూపించిన పాత ఉదాహరణలు

కాగితంపై చూపించడం కొత్త స్టార్టప్‌లు కనిపెట్టిన పద్ధతి కాదు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు ఐబీఎం పరిశోధకుడు జాన్ గౌల్డ్ బృందం క్రీడాకారుల కోసం స్వర సందేశాల వ్యవస్థను తయారు చేసింది. ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చిన, కంప్యూటర్ ఎన్నడూ ముట్టని క్రీడాకారులు కియోస్క్ దగ్గర నిలబడి, ఇంటి నుంచి వచ్చిన సందేశాన్ని తమ భాషలో వినగలగాలి. ఆ బృందం మొదట చేసింది కోడ్ రాయడం కాదు. ఒక క్రీడాకారుడు దీన్ని ఎలా వాడతాడో అడుగడుగునా వివరించే చిన్న సన్నివేశాలను కాగితంపై ముద్రించి పదిమందికీ చదివించింది. కియోస్క్ నమూనాను తమ పరిశోధనాలయం నడవలో నిలబెట్టి, అటుగా వెళ్లేవారు ఏమంటారో విన్నది. ఒలింపిక్స్‌కు ముందు సంవత్సరం అక్కడే జరిగిన అంతర్జాతీయ పోటీల్లో తొలి రూపాన్ని నిజమైన క్రీడాకారుల చేత వాడించింది. తేదీ వాయిదా వేయలేని, రెండో అవకాశం లేని పనికి వాళ్లు ఎంచుకున్న రక్షణ మార్గం ఇది.

అదే గౌల్డ్ సహచరులతో కలిసి 1983లో ప్రచురించిన మరో ప్రయోగంలో, మాట్లాడితే టైపు చేసే యంత్రం ఉన్నట్టుగా వాడేవారి ముందు తెర పెట్టి, నిజానికి మరో గదిలో మనిషి చేత టైపు చేయించారు. అలాంటి యంత్రాన్ని కట్టే సాంకేతికత ఇంకా రాకముందే, అది వస్తే ప్రజలు ఎలా వాడతారో తెలుసుకున్నారు. 2008లో డ్రాప్‌బాక్స్ వ్యవస్థాపకుడు డ్రూ హ్యూస్టన్ తమ సాఫ్ట్‌వేర్ పనితీరును చూపే చిన్న వీడియోను విడుదల చేస్తే, వేచి ఉన్నవారి జాబితా రాత్రికి రాత్రి 5,000 నుంచి 75,000కు పెరిగిందని ఆయన చెప్పారు. అయితే వీడియో చెప్పేది ‘ఇలాంటిది కావాలా’ అన్నదానికి జవాబు మాత్రమే. ‘దీన్ని వాడగలరా’ అన్నది ఎవరైనా వాడితే తప్ప తెలియదు.

ఎంతమంది చాలు?

1993లో పరిశోధకులు జాకబ్ నీల్సన్, థామస్ లాండవర్ ప్రతిపాదించిన లెక్క ప్రకారం, వాడి చూసే ఒక్కొక్క వ్యక్తి సగటున ఒక తెరలోని ఇబ్బందుల్లో 31 శాతాన్ని బయటపెడతారు. అలాగైతే ఒకరు 31, ఇద్దరు 52, ముగ్గురు 67, అయిదుగురు 84 శాతం ఇబ్బందులను చూపిస్తారు. ఆరో వ్యక్తి నుంచి కొత్తగా తెలిసేది తగ్గిపోతుంది కాబట్టి, పదిహేను మందితో ఒకసారి చేయడం కన్నా దిద్దుకుంటూ అయిదుగురితో మూడుసార్లు చేయడం మేలని ఆ వాదం. దీన్ని ప్రశ్నించినవారూ ఉన్నారు. పెద్ద వెబ్‌సైట్లలో ఒక్కొక్కరు బయటపెట్టేది 31 శాతం కన్నా చాలా తక్కువని 2001 నాటి పరిశీలనలు చూపాయి. వాడేవారు ఒకే రకంగా లేనప్పుడు, ఉదాహరణకు రైతు, బ్యాంకు గుమస్తా, ఆడిటరు ఒకే వ్యవస్థను వాడేటప్పుడు, అయిదుగురన్న లెక్కను ఒక్కో వర్గానికి విడిగా వేసుకోవాలి. మరొకటి, ఈ లెక్క తెరలోని ఇబ్బందుల గురించి మాత్రమే. అయిదుగురు మెచ్చుకున్నారని మార్కెట్ ఉందనుకోవడం దీని పరిధిలోకి రాదు.

ఆలస్యానికి వంద రెట్ల ఖరీదా?

తొలి ఫీడ్‌బ్యాక్‌ను సమర్థించేటప్పుడు అందరూ ఉటంకించే వాదన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పరిశోధకుడు బారీ బోమ్‌ది. అవసరాల దశలో దిద్దగలిగిన తప్పును అప్పగించాక దిద్దితే పెద్ద ప్రాజెక్టుల్లో వంద రెట్ల వరకు ఖర్చవుతుందని ఆయన 1970ల నాటి ప్రాజెక్టుల సమాచారం ఆధారంగా చూపించారు. చిన్న ప్రాజెక్టుల్లో ఈ తేడా అయిదు రెట్ల దగ్గరే ఉండవచ్చని ఆయనే అన్నారు. ప్రసంగాల్లో ఆ రెండో మాట వినిపించదు.

2016లో టిమ్ మెంజీస్, ఆయన సహ పరిశోధకులు 2006–2014 మధ్య జరిగిన 171 ప్రాజెక్టుల వివరాలు పరిశీలించి, ఆలస్యంగా దొరికిన లోపాలను దిద్దడానికి గణనీయంగా ఎక్కువ శ్రమ పట్టిందనడానికి ఆధారం కనిపించలేదని ప్రకటించారు. ఆ ప్రాజెక్టులు క్రమశిక్షణతో కూడిన పద్ధతిలో నడిచినవి కావడం, నేటి పరికరాలు మెరుగైనవి కావడం దీనికి కారణాలు కావచ్చు. వంద రెట్లన్నది సార్వత్రిక నియమం కాదని ఒప్పుకోవాల్సిందే.

కానీ ఈ రెండు లెక్కలూ కొలిచినది ప్రధానంగా లోపాన్ని దిద్దే శ్రమను. పాల కేంద్రం యాప్‌లో ఒకే సమయంలో ఒకే నమోదు తెరుచుకోవడం బగ్ కాదు, రాసిచ్చిన ప్రకారం సరిగ్గా పనిచేస్తున్న తప్పుడు ఊహ. వర్చువల్ కేస్ ఫైల్‌లో ఖర్చయిన డబ్బులో పెద్ద భాగం దిద్దడానికి పోలేదు, చివరికి ఎవరూ వాడని దాన్ని కట్టడానికే పోయింది. తొలి ఫీడ్‌బ్యాక్ ఆదా చేసే మొత్తంలో ఎక్కువ వాటా ఇదేనని నా నమ్మకం. దాన్ని కొలవడం కష్టం కాబట్టే వంద రెట్ల వాదన దాని స్థానంలోకి వచ్చి కూర్చుంది.

కస్టమరు మాట దారి తప్పించే సందర్భాలు

ఎదురు వాదనకూ బలమైన ఆధారాలు ఉన్నాయి. 1985లో సీగేట్ సంస్థ ఇంజినీర్లు 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ నమూనాలు తయారు చేసి తమ ప్రధాన కస్టమర్లకు చూపించారు. డెస్క్‌టాప్ కంప్యూటర్లు తయారు చేసే ఆ కస్టమర్లకు కావలసింది ఎక్కువ సామర్థ్యం, చిన్న పరిమాణం కాదు. వాళ్లు ఆసక్తి చూపలేదు, సీగేట్ వెనక్కి తగ్గింది. ఈలోగా కానర్ అనే కొత్త సంస్థ ఎక్కడికైనా మోసుకెళ్లే కంప్యూటర్ల తయారీదారులకు ఆ చిన్న డిస్కులను అమ్ముకుని ఎదిగిపోయింది. సీగేట్ 1988లో గానీ ఆ మార్కెట్లోకి రాలేదు. అది ముందుగానే తీసుకున్న ఫీడ్‌బ్యాక్, నిజాయతీగా చెప్పిన ఫీడ్‌బ్యాక్. కాకపోతే ఆ వస్తువును కొనబోయేవారిది కాదు.

తమకేం కావాలో చూపించేదాకా జనానికి తెలియదని స్టీవ్ జాబ్స్ 1998లో ఒక పత్రికతో అన్న మాటను ఫీడ్‌బ్యాక్‌కు వ్యతిరేకంగా వాడుతుంటారు. జాగ్రత్తగా చదివితే అది ఊహించి చెప్పమని అడగడానికి వ్యతిరేకమే తప్ప, చూపించి తెలుసుకోవడానికి వ్యతిరేకం కాదు. ఎఫ్‌బీఐ మీద కాంట్రాక్టరు చేసిన ఫిర్యాదూ ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చెబుతోంది.

మన దగ్గర మరో చిక్కు ఉంది. ఆఫీసు నుంచి వచ్చిన వ్యక్తి తెర చూపించి ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుందండి’ అనడం మర్యాద. కష్టపడి చేసినవారి ముఖం మీద బాగాలేదనడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే అనుభవజ్ఞులు అభిప్రాయం అడగడం కన్నా పని చేయించి చూడటానికి విలువ ఇస్తారు. ‘ఈ రైతు పాలు నమోదు చేయండి’ అని ఫోను చేతికిచ్చి పక్కన నిలబడితే, వేలు ఎక్కడ ఆగిందో మర్యాద దాచలేదు.

ప్రభుత్వ వ్యవస్థల్లో: ఆధార్, ధరణి, భూభారతి

ఆధార్ నమోదు మొదలుకాకముందు 2010 మార్చి–జూన్ మధ్య విశిష్ట గుర్తింపు సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, బిహార్ గ్రామీణ ప్రాంతాల్లో ప్రయోగాత్మక నమోదు జరిపింది. పొలం పనులు చేసే చేతుల వేలిముద్రలు, కనుపాపల చిత్రాలు పల్లె పరిస్థితుల్లో ఎంత నాణ్యంగా వస్తాయో పరిశీలించింది. మొదటి ఆధార్ సంఖ్య ఇచ్చింది ఆ తర్వాత, సెప్టెంబరు 29న. అయితే ఆ ప్రయోగం ప్రధానంగా నమోదు గురించినది. తర్వాతి సంవత్సరాల్లో రేషన్ దుకాణాల్లో వృద్ధుల, కూలీల వేలిముద్రలు యంత్రాలపై పడక ఎదురైన ఇబ్బంది మరో సందర్భానికి సంబంధించిన మరో ప్రశ్న.

తెలంగాణలో భూమి రికార్డుల ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరు 29న రాష్ట్రమంతటికీ ఒకేసారి ప్రారంభించారు. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకేచోట వెంటనే జరగడం దాని గొప్ప సదుపాయమనీ, అది సగం మండలాల్లో ఉండి సగంలో లేకపోతే గందరగోళమనీ సమర్థకులు వాదించారు. రికార్డుల్లో తప్పులు పడినవారికి దిద్దుకునే దారి మొదట్లో లేక, ఫిర్యాదులు పెరిగేకొద్దీ ఒక్కో మాడ్యూలు చేర్చాల్సి వచ్చిందని విమర్శకులు అన్నారు. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న ప్రారంభించిన భూభారతిని ముందుగా నేలకొండపల్లి, లింగంపేట, మద్దూరు, వెంకటాపూర్ మండలాల్లో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. భూమి వివాదాల్లో చట్టం, పాత రికార్డులు, కోర్టులు కలగలిసి ఉంటాయి కాబట్టి అన్నింటినీ సాఫ్ట్‌వేర్ పద్ధతికి ముడిపెట్టడం సరికాదు. కానీ లక్షల కుటుంబాల ఆస్తికి సంబంధించిన వ్యవస్థలో తప్పు పడినవాడి దారి ఏమిటన్నది నాలుగు మండలాల్లో తెలుసుకోవడానికీ, రాష్ట్రమంతటా ఒకేసారి తెలుసుకోవడానికీ మధ్య ఉన్న తేడా రైతు తిరగాల్సిన కార్యాలయాల సంఖ్యలోనే కనబడుతుంది.

ఒప్పందం అనుమతించినంతే ఫీడ్‌బ్యాక్

హైదరాబాదు సర్వీసు కంపెనీల్లో పనిచేసేవారికి ఇదంతా తెలియక కాదు. ఫిక్స్‌డ్ ప్రైస్ ఒప్పందంలో ప్రతి కొత్త సంగతీ చేంజ్ రిక్వెస్టు అవుతుంది. దానికి డబ్బు ఎవరివ్వాలన్న చర్చ మొదలవుతుంది. అందువల్ల చూపించేవారు చూపించడానికి, చూసేవారు చెప్పడానికి ఇద్దరూ జంకుతారు. వాడేవారిని నేరుగా కలిసే అవకాశం బృందానికి దొరకదు, మాట ఆన్‌సైట్ కోఆర్డినేటరు, బిజినెస్ అనలిస్టు మీదుగా వడపోతకు గురై చేరుతుంది. మరోవైపు స్థిర ధరను కోరే క్లయింటు భయం కూడా అర్థం చేసుకోదగ్గదే. ధర, గడువు తేలకుండా ఏ సంస్థా తన బడ్జెట్‌ను ఆమోదింపజేసుకోలేదు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం దీనికి ఒక మధ్యేమార్గం పాటిస్తోంది. పనిని అన్వేషణ, ఆల్ఫా (తొలి నమూనాలతో పరీక్ష), బీటా, లైవ్ దశలుగా విడగొట్టి, ఆల్ఫాలో ఆలోచన పనికిరాదని తేలితే అక్కడితో ఆపేయడాన్ని సక్రమమైన ఫలితంగానే లెక్కిస్తుంది. ఆ ప్రభుత్వపు గవ్.యూకే వెబ్‌సైటు కూడా 2011లో ఆల్ఫాగా, 2012 జనవరిలో బీటాగా ప్రజల ముందుకొచ్చి, అదే ఏడాది అక్టోబరు 17న పాత సైట్ల స్థానాన్ని తీసుకుంది.

కృత్రిమ మేధతో నమూనాలు గంటల్లో తయారవుతున్నప్పుడు ఈ లెక్కల్లో మారేది కట్టే ఖర్చు ఒక్కటే. ఒక పూటలో అయిదు రకాల స్క్రీన్లు చేసి చూపగలగడం నిజంగా గొప్ప వెసులుబాటు, కాగితంపై గీసినదాని కన్నా వాడి చూడగల నమూనా ఎక్కువ చెబుతుంది. కానీ దాన్ని చూసేందుకు వాడేవారు ఇవ్వగల సమయం పెరగలేదు. చూడటానికి పూర్తయినట్టు కనిపించే తెరను విమర్శించడానికి జనం మరింత జంకుతారు, క్లయింటు మేనేజరు దాన్నే తుది రూపమనుకుని తేదీ అడుగుతాడు. ఏ ఊహను పరీక్షించడానికి ఈ నమూనా చేశామో బృందం ముందుగా రాసి పెట్టుకోకపోతే, అయిదు నమూనాలు చూపించాక చేతికొచ్చేది నచ్చిన రంగుల జాబితా. సభ్యత్వ సంఖ్య సంగతి, సగంలో ఉన్న నమోదుల సంగతి అందులో ఉండవు.